థాయ్‌లాండ్ దీవిలో ఫుల్‌మూన్ పార్టీకి వెళ్తున్నారా? మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట యువత ఊరు దాటకముందే పూర్తి చేయాల్సిన పనులివీ

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడి వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. బైకు మీద అటు వెళ్లి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జేబులో డ్రైవింగ్ లైసెన్సు, బండికి కాగితాలు ఉంటే చాలు.

అదే లైసెన్సు జేబులో పెట్టుకుని, నలుగురు స్నేహితులు భుజాన బ్యాగులు తగిలించుకుని థాయ్‌లాండ్ దీవికి వెళ్తే? అక్కడ అద్దె స్కూటర్ ఎక్కిన క్షణం నుంచి వాళ్లు లైసెన్సు లేకుండా బండి నడుపుతున్నట్టే లెక్క. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ డబ్బు ఇవ్వకపోవచ్చు. ఆసుపత్రి బిల్లు ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల మీద పడుతుంది.

థాయ్‌లాండ్ వెళ్లే భారతీయులకు వీసా మినహాయింపు వచ్చాక, ‘టికెట్ కొంటే చాలు’ అన్న అభిప్రాయం బలపడింది. కానీ ఈ ప్రయాణానికి కావాల్సిన కీలకమైన కాగితాలు థాయ్‌లాండ్‌లో దొరకవు. పాస్‌పోర్ట్, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, ప్రయాణ బీమా... మూడూ ఇక్కడే తీసుకోవాలి. వాటిని ఎక్కడ, ఎలా తీసుకోవాలో, అక్కడికి వెళ్లాక ఏ పొరపాట్లు చేయకూడదో చూద్దాం.

ఆ పార్టీ ఎక్కడ? ఎప్పుడు?

థాయ్ భాషలో ‘కో’ అంటే దీవి. సూరత్ థానీ ప్రావిన్సులో, గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో ఉన్న కో ఫంగాన్ అనే దీవి ఫుల్‌మూన్ పార్టీకి పేరుపొందింది. దీవి దక్షిణ కొసన ఉన్న హాద్ రిన్ బీచ్‌లో 1980ల మధ్యలో చిన్న గుంపుతో మొదలైన ఈ వేడుకకు ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ వేల మంది వస్తారు. బీచ్‌లోకి వెళ్లడానికి ప్రవేశ రుసుము ఉంటుంది.

పేరులోనే ఉన్నట్టు ఇది పున్నమి రాత్రి పార్టీ. అయితే క్యాలెండర్‌లో పున్నమి చూసి నేరుగా టికెట్ కొనేయకండి. మాఖా బుచా, విశాఖా బుచా, ఆసాల్హా బుచా వంటి బౌద్ధ పర్వదినాలు కూడా పున్నమి రోజే వస్తాయి. మన మాఘ, వైశాఖ, ఆషాఢ మాసాల పేర్లే వీటిలో ఉన్నా, థాయ్ పంచాంగానికీ మన పంచాంగానికీ కొన్నేళ్లు తేడా వస్తుంది. ఆ పర్వదినాల్లో మద్యం అమ్మకాలపై ఆంక్షలు ఉంటాయి కాబట్టి పార్టీని ఒక రోజు అటూ ఇటూ జరుపుతారు. ముందు తేదీ ఖరారు చేసుకుని, ఆ తర్వాతే టికెట్ తీసుకోండి.

ఇంకో విషయం. కో ఫంగాన్ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు ఎక్కువ. నవంబరులో మరీ ఎక్కువ. సముద్రం పోటెత్తితే పడవలు ఆపేస్తారు.

పాస్‌పోర్ట్: హైదరాబాద్ దాకా వెళ్లాలా?

అక్కర్లేదు. నల్లగొండ, ఖమ్మంలలో పోస్టాఫీస్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు ఉన్నాయి. మిర్యాలగూడ, వాడపల్లి వైపు వారికి నల్లగొండ అనుకూలం. కోదాడ వారికి ఖమ్మం దగ్గర. రెండూ హైదరాబాద్ ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం కిందకే వస్తాయి.

ముందుగా పాస్‌పోర్ట్ సేవ వెబ్‌సైట్‌లో గానీ, ఎంపాస్‌పోర్ట్ సేవ యాప్‌లో గానీ దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, స్లాట్ బుక్ చేసుకోవాలి. 36 పేజీల సాధారణ పాస్‌పోర్ట్‌కు ఫీజు రూ.1,500. తత్కాల్‌లో అయితే మరో రూ.2,000 కలిపి రూ.3,500. పెద్దలకు ఇచ్చే పాస్‌పోర్ట్ పదేళ్లు చెల్లుతుంది. తత్కాల్ స్లాట్ మీరు ఎంచుకున్న కేంద్రంలో ఉందో లేదో బుకింగ్ సమయంలోనే చూసుకోండి.

పాస్‌పోర్ట్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ లేకపోతే అక్కడ డబ్బు కట్టొద్దు.

మన ప్రాంతం నుంచి వెళ్లే దరఖాస్తుల్లో జాగ్రత్త పడాల్సినవి మూడు:

• ఇంటిపేరు: ఆధార్‌లో ఒక్క అక్షరంగా, పదో తరగతి మెమోలో పూర్తిగా, పాన్ కార్డులో చివరన... ఇలా ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా ఉండటం మనకు మామూలే. పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరాలు కుదరవు, పేరు పూర్తిగా విడదీసి రాయాలి. దరఖాస్తుకు ముందే ఆధార్, మెమోల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోండి. తర్వాత విమాన టికెట్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

• చిరునామా: హైదరాబాద్ హాస్టల్‌లో ఉంటూ ఊరి చిరునామా ఇస్తే, పోలీసులు విచారణకు ఊరికే వస్తారు. ఆ రోజు మీరు అక్కడ లేకపోతే ‘దరఖాస్తుదారు ఈ చిరునామాలో ఉండటం లేదు’ అని నివేదిక వెళ్లే ప్రమాదం ఉంది. ప్రస్తుతం నిజంగా ఎక్కడ ఉంటున్నారో అదే రాయండి, దానికి రుజువు దగ్గర పెట్టుకోండి.

• కేసులు: కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే దాచొద్దు. పాస్‌పోర్ట్ చట్టం, 1967 ప్రకారం ఆ కారణంతో పాస్‌పోర్ట్ నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే దారి ఉంటుంది. తప్పుడు సమాచారం ఇవ్వడం మాత్రం మరో నేరం అవుతుంది.

పాత పాస్‌పోర్ట్ ఉన్నవారు గడువు చూసుకోండి. ప్రయాణ తేదీ నాటికి కనీసం ఆరు నెలల గడువు లేకపోతే ఎయిర్‌లైన్ సిబ్బంది శంషాబాద్‌లోనే ఆపేయవచ్చు.

పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్ట్ మీద ‘ఈసీఆర్’ ముద్ర ఉంటుంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన 18 దేశాల్లో థాయ్‌లాండ్ కూడా ఉంది. ఆ క్లియరెన్స్ ఉద్యోగానికి వెళ్లేవారికే తప్ప పర్యాటకులకు కాదు. కానీ మీరు పర్యటనకే వెళ్తున్నారని నమ్మించాల్సింది మీరే. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చేతిలో ఉండాలి.

వీసా అక్కర్లేదంటే, ఏమీ అక్కర్లేదా?

భారతీయ పర్యాటకులకు థాయ్‌లాండ్ 2023 నవంబరు 10 నుంచి 30 రోజుల వీసా మినహాయింపు ఇచ్చింది. 2024 జూలై 15 నుంచి దాన్ని 60 రోజులకు పెంచింది. ఇది ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే వెసులుబాటు మాత్రమే, ఎప్పుడైనా మార్చవచ్చు. టికెట్ కొనే రోజున దిల్లీలోని థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

2025 మే 1 నుంచి ప్రతి విదేశీయుడూ థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు (టీడీఏసీ) నింపాలి. దిగే తేదీకి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. పాస్‌పోర్ట్ నంబరు, విమానం, బస వివరాలు దగ్గరుంటే ఫోన్‌లోనే అయిపోతుంది. దీనికి ఫీజు లేదు. డబ్బు అడుగుతున్నారంటే అది మధ్యవర్తి సైటో, మోసమో అనుకోండి. థాయ్ ఇమిగ్రేషన్ సైటు చిరునామా ‘డాట్ జీఓ డాట్ టీహెచ్’తో ముగుస్తుంది.

బ్యాంకాక్‌లో ఇమిగ్రేషన్ అధికారి తిరుగు టికెట్, బస వివరాలు, ఖర్చులకు డబ్బు చూపమని అడగవచ్చు. నలుగురి హోటల్ బుకింగ్ ఒకరి ఫోన్‌లోనే ఉండి, ఆ ఫోన్ చార్జింగ్ అయిపోయిందంటే మిగతా ముగ్గురికీ ఇబ్బందే. ఎవరి కాగితాలు వాళ్ల దగ్గర ప్రింటు తీసి పెట్టుకోండి.

అనుమతించిన రోజులు దాటి ఉంటే రోజుకు 500 బాత్‌ల జరిమానా. గరిష్ఠంగా 20,000 బాత్‌లు.

దీవికి దారేది?

కో ఫంగాన్‌లో విమానాశ్రయం లేదు. శంషాబాద్ నుంచి బ్యాంకాక్ చేరాక మూడు దారులు:

• బ్యాంకాక్ నుంచి పక్క దీవి కో సముయికి విమానం, అక్కడి నుంచి పడవ. త్వరగా అవుతుంది, ఖర్చు ఎక్కువ.

• బ్యాంకాక్ నుంచి సూరత్ థానీకి విమానం, అక్కడి నుంచి బస్సులో డాన్ సాక్ రేవుకు, ఆపైన పడవ.

• రైలు లేదా బస్సులో రాత్రి ప్రయాణించి సూరత్ థానీ లేదా చుంఫాన్ చేరి, అక్కడి నుంచి పడవ. బ్యాక్‌ప్యాకర్లు ఎక్కువగా ఎంచుకునేది ఇదే. ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ.

పడవలు ఎక్కువగా థాంగ్ సలా రేవులో ఆగుతాయి. పార్టీ మర్నాడే హైదరాబాద్ విమానం పెట్టుకోవద్దు. ఆ రోజు పడవలు కిక్కిరిసి ఉంటాయి. వాతావరణం బాగోలేక పడవ రద్దయితే విమానమూ పోతుంది. మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం: అద్దె స్కూటర్

ఊళ్లో పదిహేనేళ్ల నుంచే బండి నడిపిన వాళ్లకు దీవిలో స్కూటర్ నడపడం చిన్న పనిగా అనిపిస్తుంది. థాయ్‌లాండ్‌లో కూడా మనలాగే ఎడమ వైపు నడపాలి. పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు, అద్దెకిచ్చే దుకాణం వాళ్లు లైసెన్సు అడగకపోవచ్చు. కానీ థాంగ్ సలా నుంచి హాద్ రిన్ వెళ్లే దారిలో నిలువెత్తు ఎగుడు దిగుడులు, మలుపులు ఉంటాయి. దానికి వాన, చీకటి, మద్యం తోడైతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

దుకాణంవాడు అడగకపోయినా పోలీసు అడుగుతాడు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ తప్పకుండా అడుగుతుంది. అప్పుడు చూపాల్సింది మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ).

ఐడీపీ ఎలా తీసుకోవాలంటే:

• రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ తీసుకుని, మీ లైసెన్సు ఉన్న జిల్లా రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఫీజు రూ.1,000. రాష్ట్ర సేవా రుసుము దీనికి అదనం.

• లైసెన్సు, పాస్‌పోర్ట్, ఫొటోలు కావాలి. ప్రయాణ వివరాలు కూడా అడగవచ్చు.

• ఐడీపీ ఏడాదికి మించి చెల్లదు. దానితో పాటు అసలు లైసెన్సు కూడా ఉండాలి.

• మీ లైసెన్సు మీద టూ వీలర్ ఉందో లేదో ముందు చూడండి. కారు లైసెన్సు మాత్రమే ఉంటే ఐడీపీలో కూడా కారే ఉంటుంది. దాంతో స్కూటర్ నడపడం లైసెన్సు లేకుండా నడపడమే.

• ‘ఇంటర్నేషనల్ లైసెన్స్ ఇంటికే పంపిస్తాం’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కార్డులకు విలువ లేదు. మన దేశ లైసెన్సుకు ఐడీపీ ఇవ్వాల్సింది మన రవాణా శాఖే.

స్కూటర్ అద్దెకు పాస్‌పోర్ట్‌ను తాకట్టుగా అడిగే దుకాణాలు ఉంటాయి. ఇవ్వొద్దు. చట్టం ప్రకారం పాస్‌పోర్ట్ కేంద్ర ప్రభుత్వ ఆస్తి, మీ చేతిలో ఉన్నా సరే. బండి మీద పాత గీతలను చూపి భారీగా డబ్బు అడిగితే, పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర ఉన్నప్పుడు మీరు బేరమాడలేరు. నగదు డిపాజిట్, పాస్‌పోర్ట్ జిరాక్స్ తీసుకునే దుకాణం చూసుకోండి. బండి తీసుకునే ముందే నాలుగు వైపులా వీడియో తీయండి.

పార్టీ రాత్రి మాత్రం ఐడీపీ ఉన్నా బండి వద్దు. మన షేర్ జీపుల్లా నడిచే ‘సాంగ్‌థేవ్’లు ఆ రాత్రంతా దొరుకుతాయి.

బీమా తీసుకున్నాం కదా, చాలదా?

పాలసీలో ఏమేం మినహాయించారో చదివితేనే చాలు. లైసెన్సు లేకుండా నడిపినా, మద్యం మత్తులో ఉన్నా క్లెయిమ్ ఇవ్వబోమని ప్రయాణ బీమా పాలసీల్లో సాధారణంగా ఉంటుంది. స్కూబా డైవింగ్ వంటి వాటికి అదనపు కవరేజీ తీసుకోవాల్సి రావచ్చు. అత్యవసరంగా దీవి నుంచి పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు, మృతదేహాన్ని స్వదేశానికి తెచ్చే ఖర్చు పాలసీలో ఉన్నాయో లేదో చూడండి. రెండో మాట చదవడానికే కష్టంగా ఉంటుంది, కానీ అది లేనప్పుడు ఇంట్లోవాళ్లు పడే కష్టం అంతకంటే పెద్దది.

పాలసీ నంబరు, క్లెయిమ్ హెల్ప్‌లైన్ నంబరు మీ ఫోన్‌లోనే కాదు, ఇంట్లో ఒకరి దగ్గర కూడా ఉండాలి. ఆసుపత్రిలో చేరితే ముందు ఆ నంబరుకే ఫోన్ చేయాలి.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి?

భారతీయ కరెన్సీని రూ.25,000 వరకు వెంట తీసుకెళ్లవచ్చు. విదేశీ కరెన్సీ నగదు రూపంలో ఒక్కో ప్రయాణానికి 3,000 అమెరికన్ డాలర్లకు సమానమైన మొత్తం వరకు కొనవచ్చు. అధీకృత డీలర్ దగ్గరే కొని రసీదు తీసుకోండి. మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవచ్చు. మీ డెబిట్ కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ఆన్ చేయాలి.

టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ పేరుతో కొంత పన్ను వసూలు చేస్తారు. ఇది పాన్ మీద నమోదవుతుంది. రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. రసీదు పారేయొద్దు.

బీచ్‌లో జాగ్రత్తలు

హాద్ రిన్‌లో చిన్న ప్లాస్టిక్ బకెట్లలో మద్యం, ఎనర్జీ డ్రింక్ కలిపి అమ్ముతారు. ఎంత తాగామో తెలియకుండా పోవడం ఇక్కడే మొదలవుతుంది. థాయ్‌లాండ్‌లో మద్యం కొనడానికి కనీస వయసు 20 ఏళ్లు.

• మీ బకెట్ పక్కన పెట్టి వెళ్లొద్దు. ముక్కూ మొహం తెలియనివారు ఇచ్చింది తాగొద్దు.

• తాగి సముద్రంలోకి దిగొద్దు. ఈత చెరువులోనో, కృష్ణా కాలువలోనో నేర్చుకున్నా, రాత్రి సముద్రపు లాగుడు వేరు. ఎర్ర జెండా ఉంటే పగలైనా దిగొద్దు.

• ఇసుకలో గాజు పెంకులు ఉంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.

• పాస్‌పోర్ట్ గదిలో పెట్టి తాళం వేయండి. వెంట జిరాక్స్ చాలు.

• అర్ధరాత్రి దాటాక ఫోన్లు పనిచేయకపోవచ్చు. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక చోటు అనుకోండి. నలుగురిలో ఒకరు తాగకుండా ఉండేలా వంతు వేసుకోండి.

గంజాయి అక్కడ చట్టబద్ధమే కదా?

ఈ మాట నమ్మి జైలుకు వెళ్లినవాళ్లున్నారు. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసిన మాట నిజం. కానీ 2025 జూన్‌లో మళ్లీ నియంత్రణ తెచ్చింది. ఇప్పుడు గంజాయి పువ్వు కొనాలంటే వైద్యపరమైన ప్రిస్క్రిప్షన్ ఉండాలి. ఇతర మాదకద్రవ్యాలకు అక్కడ కఠిన శిక్షలు ఉన్నాయి.

అక్కడి చట్టం ఏదైనా, శంషాబాద్‌లో దిగాక వర్తించేది మన ఎన్‌డీపీఎస్ చట్టం. బ్యాంకాక్ నుంచి తెచ్చిన ‘హైడ్రోపోనిక్’ గంజాయితో ప్రయాణికులు శంషాబాద్ విమానాశ్రయంలో పట్టుబడిన కేసులు చాలానే ఉన్నాయి. కిలో లోపు ఉన్నా ఏడాది వరకు జైలు. కిలో దాటితే పదేళ్ల వరకు. 20 కిలోలు దాటితే పది నుంచి ఇరవై ఏళ్లు. ‘ఈ బ్యాగు హైదరాబాద్‌లో మావాడికి ఇవ్వండి, టికెట్ ఖర్చు మాది’ అని ఎవరైనా అంటే అందులో ఏముందో అడగడం కాదు, అక్కడి నుంచి వచ్చేయండి. బ్యాగు ఎవరి చేతిలో ఉంటే ముందు కేసు వారి మీదే.

ఈ-సిగరెట్లు, వేప్‌లు థాయ్‌లాండ్‌లో నిషేధం. మన దేశంలోనూ 2019 నుంచి నిషేధమే. తీసుకెళ్లొద్దు, తీసుకురావద్దు. తిరిగి వచ్చేటప్పుడు మద్యం రెండు లీటర్లు, సిగరెట్లు వంద వరకే సుంకం లేకుండా అనుమతిస్తారు.

‘ట్రిప్ ఫ్రీ, ఉద్యోగం కూడా ఇప్పిస్తా’ అంటే?

అది ట్రిప్ కాదు. డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాలని చెప్పి యువకులను బ్యాంకాక్‌కు రప్పించి, అక్కడి నుంచి మే సోత్ మీదుగా సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల కేంద్రాల్లో బంధించిన ఘటనలు ఉన్నాయి. 2025 మార్చి 10, 11 తేదీల్లో వాయుసేన విమానాల్లో భారత ప్రభుత్వం 549 మందిని మే సోత్ నుంచి వెనక్కి తెచ్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. వీసా మినహాయింపుతో వెళ్లినవారు థాయ్‌లాండ్‌లో ఉద్యోగం చేయకూడదు. విదేశీ ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు ఎమిగ్రేషన్ చట్టం, 1983 కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ ఏజెంటు ఉన్నాడో లేడో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. ‘ముందు టూరిస్టుగా రా, తర్వాత చూద్దాం’ అన్నారంటే వెళ్లొద్దు.

ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి?

• టూరిస్ట్ పోలీసు: 1155. ఇంగ్లిష్‌లో మాట్లాడవచ్చు. పోలీసు: 191. అంబులెన్సు: 1669.

• పాస్‌పోర్ట్ పోతే: ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి కాపీ తీసుకోండి. దానితో బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్తే, ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ఇది స్వదేశానికి రావడానికి మాత్రమే. పాస్‌పోర్ట్ జిరాక్స్, ఫొటోలు ఉంటే పని త్వరగా అవుతుంది.

• అరెస్టయితే: భారత రాయబార కార్యాలయానికి తెలియజేయమని అడిగే హక్కు మీకుంది. మీకు అర్థం కాని భాషలోని కాగితం మీద సంతకం పెట్టొద్దు.

• ఇక్కడి కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఎన్నారై విభాగాన్ని కూడా సంప్రదించవచ్చు.

రాయబార కార్యాలయం ఏం చేయదో కూడా తెలియాలి. పర్యాటకుల ఆసుపత్రి బిల్లు కట్టదు. జైలు నుంచి విడిపించదు. అక్కడి చట్టం అక్కడిదే.

బయల్దేరే ముందు

మూడు నెలల ముందు: పాస్‌పోర్ట్ గడువు, పేరు సరిచూడటం, లేకపోతే దరఖాస్తు.

నెల ముందు: పార్టీ తేదీ ఖరారు, టికెట్లు, ఐడీపీ.

వారం ముందు: బీమా, ఫారెక్స్, పత్రాల ప్రింట్లు.

మూడు రోజుల్లోపు: టీడీఏసీ.

బయల్దేరే రోజు: పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, బీమా పాలసీ, హోటల్ చిరునామా, తోటి స్నేహితుల నంబర్లు ఇంట్లో ఒకరికి వాట్సాప్ చేయండి. దీవికి వెళ్తున్నట్టు ఇంట్లో చెప్పకుండా ‘హైదరాబాద్‌లో రూమ్‌లోనే ఉన్నా’ అని వెళ్లేవాళ్లూ ఉంటారు. అక్కడ ఏదైనా జరిగిన రోజున ఆసుపత్రి వాళ్లు మొదట అడిగేది ఇంటి నంబరే. ఆ ఫోన్ వచ్చినప్పుడు అమ్మానాన్నలకు మీరు ఏ దేశంలో ఉన్నారో కూడా తెలియని పరిస్థితి తేవొద్దు.